రొక్కపు సాయము: ఎవ్వరి చేతికి?

బీదవానికి బియ్యమీయవచ్చును, గుడ్డ యీయవచ్చును, పని చూపవచ్చును. కాని రొక్కము మాత్రము చేతికీయరాదు అను మాట మన గ్రామములలో రచ్చబండకడ తరతరములుగా వినవచ్చుచున్నది. రొక్కము చేతబడినవాడు సాయంకాలమునకు కల్లుపాకకు బోవుననియు, మరునాడు పనిలోనికి రాడనియు, ఇచ్చినవారి ధర్మము వ్యర్థమగుననియు పెద్దలు చెప్పుదురు. ఈ మాట యనువారందరును నిర్దయులు కారు. తమ యెరుకలోని యొకరిద్దరి నడవడి చూచి అట్లనువారు కొందరు. ప్రజలు చెల్లించు పన్ను సొమ్ము దుర్వినియోగమగునను భయముచే ననువారు కొందరు. ఐనను ఇది నేడు కేవలము అభిప్రాయముగా నిలిచియుండవలసిన పని లేదు. గడచిన ముప్పది సంవత్సరములలో పలుదేశములయందు కొన్ని గ్రామములలో రొక్కమిచ్చి, ఈయని గ్రామములతో పోల్చి, సంసారముల జమాఖర్చులు అడిగి వ్రాసికొనిన పరీక్షలు అనేకములు జరిగినవి. ఆ ఫలితములను తెలిసికొనిన పిమ్మట మనకొక సంగతి స్పష్టమగును. బీదవాడు రొక్కమును పాడుచేయునా యనుట కంటె, ఆ రొక్కము అసలు ఎవ్వరి చేతికి చేరుచున్నది యనుట ముఖ్యమైన ప్రశ్న. మన తెలుగు జిల్లాలలో ఈ రెండవ ప్రశ్నకు సమాధానము తృప్తికరముగా లేదు.

ఇందూరు జిల్లా పరీక్ష

మధ్యప్రదేశములోని ఇందూరు జిల్లాయందు 2011వ సంవత్సరము జూను మొదలు 2012 నవంబరు వరకు అట్టి పరీక్ష యొకటి జరిగెను. స్త్రీ శ్రామికుల సంఘమగు 'సేవా' దానిని నడపెను. యూనిసెఫ్ ధనసహాయము చేసెను. ఎనిమిది గ్రామములలో కలవాడు లేనివాడను భేదము లేక ప్రతివారికిని నెలనెల రొక్కమిచ్చిరి. పెద్దవారికి 200 రూపాయలు, పిల్లలకు 100 రూపాయలు; పిల్లల సొమ్ము తల్లి చేతికి. ఏడాది గడచిన పిమ్మట ఈ మొత్తములను 300, 150 గా పెంచిరి. పోల్చిచూచుటకై రొక్కమీయని పండ్రెండు గ్రామములను ఎంచుకొనిరి. గిరిజనులుండు మరియొక గ్రామమున ఇట్టిదే వేరుగా ఏడాదిపాటు నడపిరి. మొత్తముమీద సుమారు 6,000 మందికి ఈ సాయము చేరెను. ఈ పరీక్షను గ్రంథస్థము చేసిన నలుగురిలో హైదరాబాదు వాసియగు సామాజిక శాస్త్రజ్ఞుడు శరత్ దావల యొకరగుట మనవారు తెలిసికొనదగిన విషయము.

భార్యాభర్తలును ముగ్గురు పిల్లలును గల సంసారమునకు తొలుత నెలకు 700 రూపాయలు వచ్చెను. దీనితో సంసారము గడవదు. గడచునని ఎవ్వరును చెప్పలేదు. ఐనను ఆ కొద్ది సొమ్ము క్రమము తప్పక వచ్చుటచే ఇండ్లలో మార్పులు కనబడెను. భోజనమున కూరలు, పప్పులు హెచ్చినవి. పిల్లల తూకము, విశేషించి ఆడుపిల్లల తూకము, వయస్సునకు తగినట్లు పెరుగుట కనబడెను. బడికి బోవు పిల్లల హాజరు మెరుగయ్యెను. మేకలను, కోళ్లను, పాడిపశువులను కొన్నవారు కలరు. విత్తనములు, ఎరువులు సకాలమున తెచ్చుకొన్నవారు కలరు. క్రొత్త యప్పులు తగ్గినవి. మన పెద్దలు భయపడునట్లు పని మానినవారు కనబడలేదు సరిగదా, పరుల పొలములో దినకూలికి బోవుట తగ్గించి తమ చెక్కలో తాము పనిచేసికొనువారు పెరిగిరి. గిరిజన గ్రామములో అప్పునకై షావుకారు కడ పాలేరుగా కట్టుబడియుండుట కొంత సడలెను.

ఇంత కొద్ది సొమ్ము ఇంత పనిచేయుటకు కారణమేమి? బీదసంసారపు బాధ రాబడి తక్కువగుటయందు మాత్రమే లేదు. ఆ రాబడి అవసరమునకు ముందుగా గాక వెనుకగా వచ్చుటయందు కలదు. తొలకరి పడినపుడు విత్తనములు కావలెను, అప్పటికి చేతిలో పైస యుండదు. బడి తెరచినపుడు పుస్తకములు కావలెను, అదియు ఆ నెలలోనే. వానకాలపు జ్వరము వచ్చినపుడు మందులు కావలెను, ఆ దినములలోనే కూలి దొరకదు. అందుచేత ఎరువుల దుకాణములో అప్పు పెట్టును, షావుకారు కడ నూటికి రెండు మూడు రూపాయల నెలవడ్డీకి పత్రము వ్రాయును. పంట కళ్లములోనికి వచ్చిన నాడు అప్పిచ్చినవానికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసివచ్చును. ధర పెరుగువరకు నిలువ చేయు భాగ్యము అతనికి లేదు. ఇట్లు ఒక్క యవసరము తీర్చుకొన్నందుకు వడ్డీ రూపమున ఒకమారు, ధర రూపమున మరియొకమారు నష్టపడుచున్నాడు. నెలనెల కొద్దిపాటి సొమ్ము తప్పక వచ్చునను నమ్మకము కలిగినచో ఆ మొదటి యప్పే తప్పిపోవును. బీదవాని కడ వేయి రూపాయలు చేయు పని, కలవాని కడ వేయి రూపాయలు చేయు పనికంటె ఎన్నియో రెట్లు ఎక్కువ యగుట ఇందువలననే.

కల్లుపాక సంగతి

రొక్కము త్రాగుడు పాలగునను సందేహమును గూర్చి పరిశోధకులు ప్రత్యేకముగా విచారించిరి. ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా ఖండములలో జరిగిన పరీక్షల ఫలితములను ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలు ఒకచోట చేర్చి చూచి, రొక్కము పొందిన సంసారములలో మద్యము, పొగాకుల ఖర్చు సాధారణముగా పెరుగుట లేదనియే తేల్చిరి. త్రాగువారు లేరని దీని యర్థము కాదు. త్రాగువాడు సాయము రాకమునుపును త్రాగుచునే యున్నాడు. సాయము వచ్చినందున క్రొత్తగా త్రాగుడు మరగినవారి సంఖ్య లెక్కకు వచ్చునంత లేదని మాత్రమే దీని యర్థము. ఒకరిద్దరి దోషమునకు ఊరందరిని శిక్షించుట న్యాయము కాదుగదా.

కెన్యాదేశపు ఉదాహరణము మరియొక విధమున ఆలోచింపదగినది. ఆ దేశమునకు పడమట విక్టోరియా సరస్సు తీరమున సియాయా యను ప్రాంతము కలదు. అచ్చట 2014 మొదలు కొన్ని సంవత్సరములు ఒక ధర్మసంస్థ గడ్డికప్పు గల ఇండ్లవారిని ఎంచి, ఒక్కొక్క సంసారమునకు సుమారు 1,000 డాలర్ల చొప్పున సెల్‌ఫోను ద్వారా సొమ్ము పంపెను. 653 గ్రామములలో ఈ పరీక్ష జరిగెను. 10,500 సంసారములకు పైగా సొమ్ము చేరెను. వారు ఇంటికప్పు మార్చుకొనిరి, మంచి భోజనము చేసిరి, సామగ్రి కొనుక్కొనిరి. విశేషమేమనగా, సొమ్ము పొందని పొరుగువారి పరిస్థితియు మెరుగయ్యెను. ఇచ్చిన ప్రతి డాలరునకు ఆ ప్రాంతపు ఆర్థిక కార్యకలాపము సుమారు రెండున్నర డాలర్లు పెరిగెనని ఆర్థికవేత్తలు లెక్కకట్టిరి. అంగడివాడు, వడ్రంగి, తాపీపనివాడు, కూలివాడు—అందరి చేతులలోను ఆ సొమ్ము తిరిగెను. ధరలు మండిపోవునని అనుకొన్న భయము నిజము కాలేదు. ధరలు పెరిగినది సగటున నూటికి పదియవ వంతు మాత్రమే. పట్టణవాసులగు వర్తకులు ఈ సంగతిని గమనింపవలెను. ఊరిలోని బీదవాని చేతికిచ్చిన రూపాయి ఊరిలోనే ఖర్చగును.

రొక్కము చేయలేనిది

ఇంత చెప్పినందున రొక్కము సర్వరోగ నివారిణి యని భావింపరాదు. వైద్యుడు లేని యూరిలో రొక్కము వైద్యుని తేజాలదు; ఉపాధ్యాయుడు రాని బడిలో పాఠము చెప్పజాలదు. ఉన్న సదుపాయమును తీసివేసి దానికి బదులుగా రొక్కమిచ్చుట మరింత ప్రమాదకరము. ఝార్ఖండు రాష్ట్రమున రాంచీ జిల్లాలోని నగ్రీ యను చోట 2017 అక్టోబరులో ఇట్లు చేసిరి. అంతకుముందు కిలో రూపాయికి దొరకు చౌకబియ్యమునకు బదులు, సొమ్మును బ్యాంకు ఖాతాలో వేసి, ఆ సొమ్ము తెచ్చి కిలో 32 రూపాయల చొప్పున బియ్యము కొనుక్కొండనిరి. సొమ్ము పడినదో లేదో తెలిసికొనుటకు బ్యాంకుకు ఒక దినము, తెచ్చుకొనుటకు మరియొక దినము, పిమ్మట రేషను దుకాణమునకు మరియొక దినము. ఇట్లు కూలివాండ్రు పనిదినములను పోగొట్టుకొనిరి. ముసలివారు మరింత యిడుములు పడిరి. ప్రజలు గట్టిగా ప్రతిఘటించుటచే 2018లో ఆ పద్ధతిని ఉపసంహరించిరి. చేర్పుగా ఇచ్చిన రొక్కము వేరు, ఉన్న కూడు తీసివేసి యిచ్చిన రొక్కము వేరు.

మరియొక ప్రమాదము కలదు. ఒకమారు నిర్ణయించిన మొత్తము ధరలతోపాటు పెరుగదు. కేంద్రప్రభుత్వపు వృద్ధాప్య వేతనము 1995లో నెలకు 75 రూపాయలతో మొదలయ్యెను. తరువాత 200 అయ్యెను. ఎనుబదేండ్లు నిండనివారికి ఎన్నియో సంవత్సరములు అచ్చటనే నిలిచిపోయెను. రాష్ట్రములు తమ సొమ్ము కలుపకున్నచో అది పేరునకు మాత్రమే వేతనము. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి వృద్ధులకును వితంతువులకును నెలకు 4,000 రూపాయలు ఇంటివాకిటనే యిచ్చుట మొదలుపెట్టిరి. కొడుకు చేతివైపు చూచుచు మూలన కూర్చున్న ముసలమ్మకు నెల మొదటి తేదీన తన పేర వచ్చిన సొమ్ము ఎంతటి గౌరవము తెచ్చునో పల్లె నెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

సొమ్ము మంజూరగుట యొక యెత్తు, చేతికి చేరుట మరియొక యెత్తు. 2010 మొదలు 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఎనిమిది జిల్లాలలో, ఉపాధిహామీ కూలిని, వృద్ధాప్య వేతనములను వ్రేలిముద్ర కార్డులపై చెల్లించు పద్ధతిని 157 మండలములలో పోల్చిచూచిరి. కార్డులు వచ్చినచోట కూలి త్వరగా అందెను, మధ్యలో మాయమగునది తగ్గెను. 2018లో తెలంగాణమున రైతుబంధు చెక్కులు పంచునపుడు కొన్ని మండలములలో, రైతులకు టెలిఫోను చేసి విచారింతుమని అధికారులకు ముందుగానే తెలియజేసిరి. అంతమాత్రముననే అచ్చట చెక్కులు సకాలమున చేరుట కొంత మెరుగయ్యెను. అడుగువాడొకడున్నాడని తెలిసినచో పని జరుగునని ఈ రెండును చాటుచున్నవి.

పట్టా ఒకరిది, నాగలి ఒకరిది

ఇక మన యింటి సంగతికి వత్తము. 2018 మే 10వ తేదీన కరీంనగరు జిల్లా హుజూరాబాదులో ప్రారంభమైన రైతుబంధు పథకము దేశమంతటను చర్చనీయమయ్యెను. ఎకరమునకు పంట కొకమారు 4,000 రూపాయల చొప్పున, మరుసటి సంవత్సరము నుండి 5,000 చొప్పున, పెట్టుబడి సాయముగా ఇచ్చిరి. విత్తనములు వేయు వేళకు సొమ్ము చేతికి వచ్చుట, నిజముగా, పైన చెప్పిన మొదటి యప్పు రోగమునకు తగిన మందు. పట్టాదారులలో అత్యధికులు అయిదెకరముల లోపు వారే గాన సన్నకారు రైతులకు ఇది మేలు చేసెననుటలో సందేహము లేదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కిసాన్ సమ్మాన్ నిధియు భూమిగల రైతుసంసారములకు సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు వాయిదాలలో ఇచ్చుచున్నది.

కాని ఈ రెండును పాసుపుస్తకము వెంట నడచినవే. నాగలి వెంట నడచినవి కావు. రైతుబంధునకు ఎకరముల పరిమితి లేకుండెను. దున్నకున్న భూమికిని సొమ్ము వచ్చెను. కౌలుదారునకు మాత్రము ఇది వర్తింపదని ప్రభుత్వము స్పష్టముగా చెప్పెను. 2025 జనవరిలో రైతుభరోసా పేర ఎకరమునకు సంవత్సరమునకు 12,000 రూపాయలని నిర్ణయించి సాగుకు యోగ్యమైన భూమికే పరిమితము చేసిరి. అప్పుడే భూమి లేని కూలి సంసారమునకు సంవత్సరమునకు 12,000 రూపాయలిచ్చు ఆత్మీయ భరోసా పథకమును ప్రకటించి, 2023–24లో ఉపాధిహామీ పని కనీసము ఇరువది దినములు చేసినవారికి వర్తింపజేసిరి. ఇది మంచి మొదలే. ఐనను లెక్క చూడుడు. మూడెకరములు కౌలునకిచ్చి పట్టణమున కాపురముండు పట్టాదారునకు ఆ భూమిపై సంవత్సరమునకు 36,000 రూపాయల సాయమును, దానిపైన కౌలును వచ్చును. ఆ మూడెకరములు దున్ని, విత్తి, కలుపు తీసి, వానకు తడిసి, పురుగుమందు కొట్టి, పంట పోయినచో అప్పుతో మిగులు కౌలుదారునకు ఆ భూమిపేర ఒక్క రూపాయియు రాదు. ఇచ్చట సాయము బీదరికమును వెదకికొనుచు పోలేదు. కాగితమును వెదకికొనుచు పోయినది.

కాగితము లేకపోవుటచే కౌలుదారు పోగొట్టుకొనునది సాయము మాత్రమే కాదు. ఆ భూమిపై పట్టాదారు ముందే పంటఋణము తీసికొనియుండును గాన బ్యాంకు మరల ఈయదు. అతడు షావుకారు కడకే పోవలెను. పంటనష్టపు పరిహారము పట్టాదారు ఖాతాకు పోవును. 2018 ఆగస్టు 15న తెలంగాణమున మొదలైన రైతుబీమా వలన పట్టాదారు రైతు మరణించినచో అతని సంసారమునకు అయిదు లక్షల రూపాయలు వచ్చును. అదే పొలమున అప్పులపాలై ప్రాణము తీసికొనిన కౌలుదారు భార్యకు ఆ ఆధారమును లేదు. శవము ఇంటనుండగా, పాసుపుస్తకమున్నదా యని అడుగవలసిన స్థితి ఏ సమాజమునకును శోభ కాదు.

ఆంధ్రప్రదేశమున ఈ విషయమున కొంత ముందడుగు పడెను. 2011లో ఉమ్మడి రాష్ట్రమున కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చు చట్టము వచ్చెను. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. దానిప్రకారము పదునొకండు నెలల ఒప్పందముపై భూయజమాని సంతకము చేసినచో కౌలుదారునకు కార్డు వచ్చును, దానితో పంటఋణమునకును బీమాకును పరిహారమునకును అర్హత కలుగును. అదే సంవత్సరము ప్రారంభమైన రైతుభరోసా పథకమున షెడ్యూలు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులలోని భూమిలేని కౌలుదారులకును 13,500 రూపాయలీయ నిర్ణయించిరి. ఐన నేమి? తాళము తెరచు చెవి భూయజమాని సంతకము. ఆ సంతకము చేయుటకు వెనుదీయువారు పెక్కురు.

మన చేతిలోనున్నది

ఎందుకు వెనుదీయుచున్నారు? దీనికి చరిత్ర కలదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టమును, 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టమును కౌలుదారునకు గట్టి హక్కులిచ్చినవి. కాగితముపై పేరు పడినచో భూమి చేజారునను భయము అప్పటినుండి భూవసతి గలవారి యిండ్లలో నిలిచిపోయెను. నాటి భయమునకు కారణము లేదని మేమనము. కాని 2019 నాటి చట్టము పంటపైననే గాని భూమిపై కౌలుదారునకు ఏ హక్కును ఈయదు. పదునొకండు నెలలు గడచినంతనే కార్డు చెల్లదు. ఇంకను భయపడుచు, నోటిమాటపైననే భూమినిచ్చి, ఏటేట మనిషిని మార్చుచు, సాయము మాత్రము మన ఖాతాలో వేసికొనుట ధర్మమగునా?

మన పాఠకులలో భూవసతి గలవారు అనేకులు గలరు. వారిలో పెక్కురు గ్రామమున బడికి, గుడికి, చెరువుగట్టుకు ఉదారముగా చందాలిచ్చినవారు. వారినే మేము మూడు మాటలు కోరుచున్నాము. మొదటిది: కార్డు పద్ధతి యున్నచోట తొలకరికి ముందే మీ కౌలుదారుని వెంటబెట్టుకొని పోయి ఒప్పందముపై సంతకము చేయుడు, అతడు వచ్చి మీ గుమ్మమున నిలుచువరకు కనిపెట్టవలదు. రెండవది: కార్డు పద్ధతి లేనిచోట, మరియొకడు దున్నుచున్న భూమిపేర మీకు పెట్టుబడి సాయము వచ్చినయెడల ఆ మేరకు కౌలు తగ్గింపుడు. పేరే పెట్టుబడి సాయము. పెట్టుబడి పెట్టినవాడు అతడు. మూడవది: భూమిలేని కూలివారి జాబితాలను గ్రామసభలో చదువునపుడు అచ్చట నుండుడు. మీ పొలములో నాట్లు వేయు స్త్రీల పేర్లు ఆ జాబితాలో ఉన్నవో లేవో మీకు తెలిసినంతగా ఏ యధికారికిని తెలియదు.

ప్రభుత్వములు చేయవలసినదియు కలదు. పంటల నమోదునందు భూమి యెవరిదని వ్రాయుటతోపాటు, ఈ పంటకు దున్నినవాడెవడని ప్రతి గ్రామమునను వ్రాయవలెను. యజమాని సంతకము దొరకనిచోట ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యముతో గ్రామసభ నిర్ణయించు పద్ధతి రావలెను. సాయపు మొత్తమును ధరలననుసరించి కాలానుగుణముగ సవరింపవలెను. సొమ్ము ఏ తేదీన వచ్చునో ముందుగా తెలుపవలెను. ఎప్పుడు వచ్చునో తెలియని సాయము షావుకారు నుండి విడిపింపజాలదు.

రొక్కమిచ్చినచో బీదవాడు చెడిపోవునను మాటకు ఇందూరు గ్రామములును సియాయా గ్రామములును తగిన జవాబు చెప్పినవి. ఇప్పుడు జవాబు చెప్పవలసినది మనము. రాబోవు తొలకరికి మన పొలమున నాగలి పట్టువాని పేరు ఏదేని యొక కాగితముపై నుండునా, ఉండదా? ఆ పేరు వ్రాయించుటకు కావలసినది ఒక్క దినపు శ్రమ, ఒక్క సంతకము.